కార్నియాలో పేరుకునే ప్రోటీన్: ప్రయోగశాల ఏం చెబుతుంది?

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర కార్నియా. 5వ క్రోమోజోమ్‌పై ఉండే టీజీఎఫ్‌బీఐ జన్యువులో లోపం వస్తే, అది తయారుచేసే ప్రోటీన్ వికృతమై ఈ పొరలో పేరుకుంటుంది. చూపు క్రమంగా మసకబారుతుంది. ఇలా వచ్చే వ్యాధులు కార్నియల్ డిస్ట్రోఫీలలో ఒక వర్గం, ఎక్కువగా వంశపారంపర్యం.

మార్పిడి శస్త్రచికిత్సలో తొలగించిన కార్నియాను పల్చటి పొరలుగా కోసి రంగులద్దుతారు. లాటిస్ రకంలో నిక్షేపం అమిలాయిడ్. కాంగో రెడ్ రంగు పట్టి ఎర్రగా కనిపించే ఆ గీతలు, ధ్రువణ కాంతిలో ఆపిల్ ఆకుపచ్చగా మెరుస్తాయి. గ్రాన్యులర్ రకంలోని రేణువులు మాసన్ ట్రైక్రోమ్‌తో ముదురు ఎరుపెక్కుతాయి. ఒకే కార్నియాలో రెండూ కనిపిస్తే అది గ్రాన్యులర్ రెండో రకం. ఇటలీలోని అవెలీనో ప్రాంత మూలాలున్న కుటుంబాల్లో గుర్తించినందున దానికి ఆ ప్రాంతం పేరూ ఉంది.

టీజీఎఫ్‌బీఐ జన్యు ఉత్పరివర్తనాలను 1997లో గుర్తించారు. ప్రోటీన్‌లో 124వ స్థానంలోని ఆర్జినిన్ బదులు సిస్టీన్ వస్తే లాటిస్, హిస్టిడిన్ వస్తే అవెలీనో రకం. 555వ స్థానంలో ట్రిప్టోఫాన్ వస్తే గ్రాన్యులర్ మొదటి రకం. ఒక్క అమైనో ఆమ్లం మారితే వ్యాధి స్వరూపమే మారిపోవడం నిజంగా ఆశ్చర్యకరం. నిక్షేపాన్ని లేజర్‌తో కోసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో అందులోని ప్రోటీన్లనూ గుర్తిస్తారు. అవెలీనో రకం ఉన్నవారికి లాసిక్ (చూపు సరిచేసే లేజర్ శస్త్రచికిత్స) చేస్తే నిక్షేపాలు పెరుగుతాయి కాబట్టి, ముందుగా జన్యు పరీక్ష కీలకం.