పంటిపోటు వేళ చేతనున్న ఉపశమనము – హెగు బిందువు

రాత్రి పొద్దుపోయిన తరువాత పంటిపోటు మొదలైనచో తెల్లవారువరకు ఓర్చుకొనక తప్పదు. అట్టి సమయమున నొప్పి ఉపశమించుటకై చైనా వైద్యులు శతాబ్దములుగా వాడుచున్న స్థానమొకటి మన చేతియందే కలదు. దాని పేరు 'హెగు'. చైనా భాషలో 'కలిసెడి లోయ' అని అర్థము. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని విడదీసినపుడు నడుమ ఏర్పడు పల్లమును బట్టి ఈ పేరు వచ్చినది.

ఆ వైద్యసిద్ధాంతము ననుసరించి పెద్దప్రేగు నాడీమార్గమున 20 బిందువులు కలవు. వానిలో ఇది 4వది. ఈ మార్గము చూపుడువ్రేలి గోటి ప్రక్క మొదలై, చేయి, భుజము, మెడ మీదుగా సాగి, క్రింది దంతములను తాకి, ముక్కు ప్రక్కన ముగియును. అందుచేతనే చేతి మీది బిందువును ముఖము, నోరు, దంతముల బాధలకు వాడుదురు.

గుర్తించు విధము: బొటనవ్రేలిని చూపుడువ్రేలికి గట్టిగా ఆనించినచో చేతి వెనుక కండ ఉబ్బును. అందులో మిక్కిలి ఎత్తైన చోటే హెగు. పలువురు వ్రేళ్ళ నడిమి పలుచని చర్మమును నొక్కుదురు. అది సరికాదు. చూపుడువ్రేలి మూలమునుండి మణికట్టు వైపు పోవు ఎముక నడిమి భాగమునకు ప్రక్కనే బిందువు ఉండును.

నొక్కు విధము: చేతిని వదులుచేసి, రెండవ చేతి బొటనవ్రేలిని బిందువుపై, చూపుడువ్రేలిని అరచేతి వైపున ఉంచి, ఆ ఎముక దిక్కుగా ఒకటి రెండు నిమిషములు నొక్కవలెను. గోరు గ్రుచ్చరాదు. బరువుగా, లాగుచున్నట్లు తోచుట సరియైన చోటు దొరికినదనుటకు గుర్తు. పిమ్మట రెండవ చేతికిని అట్లే చేయవలెను. సూదులు మాత్రము శిక్షణ పొందిన వైద్యుడే గ్రుచ్చవలెను.

1977లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ బిందువున సూదులు గ్రుచ్చగా పంటినొప్పిని ఓర్చుకొను శక్తి పెరిగినది. నలాక్సోన్ అను మందు ఇచ్చినంతనే ఆ ప్రభావము తగ్గినది. శరీరములో పుట్టు నొప్పినివారకములే ఇందుకు కారణమని అప్పటి పరిశోధకులు భావించిరి. తరువాతి పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదు.

హెచ్చరిక: ఈ బిందువును గర్భిణులకు నొక్కరాదని చైనా సంప్రదాయము నిషేధించుచున్నది. గర్భాశయము సంకోచించునని వారి నమ్మకము. కనుక ఇంటిలోని గర్భిణులపై దీనిని ప్రయోగింపరాదు. చేతిపై గాయము, వాపు ఉన్నచోటను నొక్కరాదు.

నొప్పి తగ్గినంత మాత్రమున పన్ను పుచ్చు మానదు. దవడ వాచి జ్వరము వచ్చినను, తలనొప్పి అకస్మాత్తుగా తీవ్రమైనను, మూతి వంకరపోయినను, మాట తడబడినను బిందువును వెదకుచు కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. హెగు తెల్లవారువరకు తోడుండును. తెల్లవారిన పిమ్మట దంతవైద్యుని దర్శింపవలసినదే.