పరమాన్నానికి డబ్బా పాలెందుకే చెల్లీ!

చెల్లీ, పరమాన్నం చిక్కగా కుదరట్లేదని డబ్బా పాలు కొనుక్కొస్తున్నావట. ఎందుకే తల్లీ! ఆ చిక్కదనమంతా బియ్యంలోనే ఉంది. నిదానంగా ఉడికిస్తే అదే పాలలోకి దిగుతుంది.

ముందు బియ్యం సంగతి చూడు. బాస్మతి పులావుకి దాచుకో. పాత బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, రోజూ తినే అన్నానికి అదే బాగు. పరమాన్నానికి మాత్రం కొత్త బియ్యం కావాలి, ఇట్టే మెత్తబడి పాలలో కలిసిపోతుంది. చిట్టిముత్యాలు దొరికితే మరీ మంచిది, ఆ గింజకి కమ్మటి వాసన కూడా ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొత్త బియ్యం కోసం వెతుక్కోనక్కర్లేదు. సుషీకి వాడే పొట్టి గింజ బియ్యం తెచ్చుకుంటే సరి, దానికి కావలసినంత జిగురుంటుంది.

లీటరు చిక్కటి పాలకి 100 గ్రాముల బియ్యం చాలు. గిన్నెలో పోసినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది గానీ చెయ్యి జారనివ్వకు. ఒక్కసారి కడిగి అరగంట నానబెట్టు. పిసికి పిసికి కడిగితే పిండంతా నీళ్లలో పోతుంది.

రథసప్తమి నాడు అమ్మమ్మలు వాకిట్లో సూర్యుడికెదురుగా పిడకలు రాజేసి, పాలు పొంగించి, అందులో బియ్యం పోసేవాళ్లు. ఆ పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో పెట్టి, చిక్కుడుకాయలతో చేసిన రథం పక్కన నైవేద్యం పెట్టేవాళ్లు. దాని రుచికి భక్తి ఎంత కారణమో పిడకల సెగ కూడా అంతే కారణమని నా గట్టి నమ్మకం. పిడక ఎగసి మండదు, సన్నగా, నిలకడగా కాలుతుంది. గ్యాసు మీద మనం తెచ్చుకోవలసింది ఆ సెగే.

అందుకని అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకో. పాలు అడుగంటకుండా ముందు కాసిని నీళ్లు పోసి, తర్వాత పాలు పొయ్యి. పొంగు రాగానే బియ్యం వేసి మంట బాగా తగ్గించు. అంచుకి పట్టిన మీగడని గరిటెతో గీకి మళ్లీ పాలలోకే తోసేస్తూ ఉండు. సగం ఉడికాక గరిటె వెనకవైపుతో కొన్ని మెతుకుల్ని గిన్నె అంచుకేసి మెదుపు. అక్కణ్ణుంచి పాలు చిక్కబడటం నీ కళ్లకే కనిపిస్తుంది. ముప్పావుగంట పడుతుంది, పట్టనీ. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూడు, పలుకు తగలకూడదు.

పలుకు పోయేదాకా తీపి జోలికెళ్లకు. తీపి ముందే పడితే నీటిని అది పట్టేసుకుంటుంది, ఇక బియ్యం ఓ పట్టాన మెత్తబడదు.

ఇప్పుడు బెల్లం. దీని దగ్గరే అందరికీ భయం. నిలవుండి చెమ్మగిల్లిన బెల్లంలో కాస్త పులుపుంటుంది, మరిగే పాలలో అది పడితే పాలు విరుగుతాయి. ముందుగా చిన్న గిన్నెలో రెండు చెంచాల వేడి పాలు తీసుకుని చిటికెడు బెల్లం వేసి చూడు, దాని గుణం తెలిసిపోతుంది. 150 గ్రాముల బెల్లాన్ని కాసిని నీళ్లలో కరిగించి వడకట్టు, ఇసుక, పీచు పోతాయి. పొయ్యి కట్టేసి పది నిమిషాలాగి, చల్లారిన ఆ పాకాన్ని కొద్దికొద్దిగా కలుపు. కలిపాక మళ్లీ పొయ్యెక్కించకు. పంచదారైతే ఈ బెంగ లేదు గానీ, నా ఓటు ఎప్పుడూ బెల్లానికే.

నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్, ఏలకుల పొడి నీకు తెలిసినవే. పచ్చకర్పూరం వేస్తే ఆవగింజంతే వెయ్యి, మించితే చేదెక్కుతుంది. అది తినే కర్పూరమేనని చూసి మరీ కొను. హారతి కర్పూరం విషం, వంటింటి డబ్బాల దరిదాపుల్లో కూడా ఉంచకు.

ఇంకోటి, పరమాన్నం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. కాస్త జారుగా ఉన్నప్పుడే దించెయ్. అయినా బిగుసుకుంటే గోరువెచ్చని పాలు కలుపుకో. అందుకే ఓ గ్లాసు పాలు ముందే పక్కన పెట్టుకో.