లెక్కలలో తోడి పిల్లల తోడ్పాటు

పిల్లవాడు లెక్కలలో వెనుకబడినచో ఉపాధ్యాయుని నిందించుట, లేదా వాని నొసటివ్రాత యని సరిపెట్టుకొనుట పరిపాటి. వాని ప్రక్కన కూర్చుండు పిల్లలను గూర్చి ఎవరును తలపరు. లెక్కల చదువు నిలుచుటకుగాని, కుంటుపడుటకుగాని వారును ఒక కారణమని పంచాయతీ సభ్యులు గ్రహింపవలెను.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ అను సాంఘిక శాస్త్రవేత్త నాయకత్వమున ఒక ప్రభుత్వ నివేదిక వెలువడినది. సుమారు 4,000 పాఠశాలలను, 6 లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి దానిని వ్రాసిరి. పిల్లల చదువుపై ఇంటి పరిస్థితుల ప్రభావమే అధికమనియు, అల్పసంఖ్యాక వర్గముల పిల్లల విషయమున భవనములు, పరికరముల కంటె తోడి విద్యార్థుల స్థితిగతులకే ప్రగతితో ఎక్కువ సంబంధము కలదనియు అందు తేలినది.

అయితే మంచి తోడు అదృష్టవశమున దొరకవలసినదేనా? కాదు, ఏర్పరుపవచ్చును. 1970 దశకమున బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో నల్లజాతి విద్యార్థులు పెక్కురు గణితమున తప్పుచుండిరి. యూరీ ట్రైస్మన్ అను గణితజ్ఞుడు కారణమును వెదకెను. వారు సోమరులు కారు. ఒంటరిగా చదువుచు, చిక్కు వచ్చినచోట ఆగిపోవుచుండిరి. చైనా సంతతి విద్యార్థులు తమ లెక్కలు తాము చేసికొని, పిదప ఒకచోట చేరి ఒకరి తప్పులొకరు దిద్దుకొనుచుండిరి. ఆయన విద్యార్థులను చిన్న జట్లుగా చేర్చి, కఠినమైన లెక్కలిచ్చి చర్చింపజేసెను. ఆ జట్లలో చేరిన నల్లజాతి విద్యార్థులలో తప్పినవారు బాగుగా తగ్గిరి.

వారు కళాశాల విద్యార్థులే యైనను, మన బడిపిల్లలకును ఇందు పాఠము కలదు. లెక్కలు మెట్లవంటివి. భాగహారము రానివానికి భిన్నములు అంతుపట్టవు. ఉపాధ్యాయుని అడుగుటకు సిగ్గుపడు బాలిక స్నేహితురాలిని అడుగును. చెప్పిన పిల్లకును ఆ లెక్క మరింత గట్టిపడును. చూచి వ్రాయనిచ్చుట మాత్రము తోడ్పాటు కాదు, కీడు.

ఆ బాలిక లెక్కలను విడిచినచో ఆమెకు ముందుదారులు మూసికొనును. పదవ తరగతి పిదప వ్రాయు పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో లెక్కలకే ఎక్కువ మార్కులు గదా!

2009 విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులతోపాటు స్థానిక సంస్థల ప్రతినిధులకును స్థానము కల్పించినది. ఆ సంఘమున మా ఈ సూచనలను చర్చింపుడు: సాయంకాలము ఒక గంట బడి వరండాలో దీపము, చాపలు, నల్లబల్ల సమకూర్చవలెను. నలుగురైదుగురు పిల్లలకొక జట్టు కావలెను. అందు కులభేదము, వెనుకబెంచీ భేదము ఉండరాదు. ఆడపిల్లలు క్షేమముగా ఇల్లు చేరు ఏర్పాటు ఉండవలెను. వ్యయము స్వల్పము, శ్రద్ధయే ముఖ్యము.