స్నేహితులు లేరు... ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరనా?

ప్రశ్న: మాది పల్లెటూరు. పట్నంలో మహిళా డిగ్రీ కాలేజీలో చేరాను. హాస్టల్లో స్నేహితులెవరూ లేరు. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరమని లెక్చరర్ గారు అంటున్నారు. చదువు దెబ్బతింటుందేమోనని భయం. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పకుండా చేరండి. గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఈ జాతీయ సేవా పథకంలో రెండేళ్లకు 240 గంటలు పనిచేయాలి. అంటే వారానికి రెండు మూడు గంటలే. చదువుకు అడ్డురాదు. దీనితోపాటు ఏదైనా ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది.

స్నేహాలు ఎక్కువగా కుదిరేది ఆ శిబిరంలోనే. కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలో తోచకపోయినా, చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. కలిసి వంట చేస్తారు, వీధులు ఊడుస్తారు, ఇంటింటికీ వెళ్లి రక్తహీనత గురించి చెబుతారు. పల్లెలో పెరిగిన మీకు అక్కడి ఆడవాళ్లతో మాట కలపడం తెలుసు. పట్నం అమ్మాయిలకు అది మీరే నేర్పగలరు. మన అవసరం పదిమందికి ఉందని తెలిస్తే బతుకుమీద నమ్మకం పెరుగుతుంది.

అయినా దిగులు తగ్గక నిద్ర, తిండి దెబ్బతింటే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. ముందుగా రేపే మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ను కలిసి పేరు నమోదు చేయించుకోండి.