ఏరియల్ ట్యూనరుకు స్విచ్చి, తీగచుట్టల ఎంపిక

సోమశిల రేవున నిలిచినచో ఒక వంక శ్రీశైలం జలాశయపు కృష్ణానీరు, మరొక వంక నల్లమల కొండలు కనబడును. 2009 అక్టోబరులో ఈ కృష్ణ, తుంగభద్రలే పొంగి కర్నూలు నగరమును ముంచినవి. అట్టి వేళ టెలిఫోను మూగవోయినచో బ్యాటరీతో నడచు అమెచ్యూర్ రేడియో అక్కరకు వచ్చును. 2004 డిసెంబరు సునామీ నాడు పోర్ట్‌బ్లెయిరు నుండి వార్తలు అందించిన భారతీప్రసాద్ గారు, 1983లో హైదరాబాదున వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందినవారు.

కొండలు వి.హెచ్.ఎఫ్. తరంగములకు అడ్డు. 7 మెగాహెర్ట్జ్ వద్ద ఐదారు మీటర్ల ఎత్తున అడ్డముగా కట్టిన తీగ తరంగమును చాలవరకు పైకే పంపును. పగటివేళ అది అయనోస్ఫియరు నుండి మరలి, సుమారు 150 కిలోమీటర్ల దూరమున ఉన్న హైదరాబాదును చేరగలదు. కాని ఆపత్కాలమున తీగ పొడవును నిర్ణయించునవి అక్కడి చెట్లు, స్తంభములే. ట్రాన్స్‌మిటరు కోరు 50 ఓములకు అది సరిపడదు. ఆ పొత్తు కుదుర్చునదే ట్యూనరు. రెండు వేరియబుల్ కండెన్సర్లు, ఒక తీగచుట్ట, ఒక స్విచ్చి ఉన్న చాలును. విద్యార్థులు కండెన్సర్ల కొరకు ఊరెల్ల వెదకి, స్విచ్చి మాత్రము చేతికందినది బిగింతురు. మా దృష్టిలో అసలు జాగ్రత్త అక్కడనే కావలెను.

20 మీటర్ల తీగను ఒక చివర కలిపినచో దాని అవరోధము 2000 ఓములు దాటవచ్చును. 2000 ఓముల వద్ద 100 వాట్లకు శిఖర వోల్టేజి 630 వోల్టులు. 10 మీటర్ల తీగ అయినచో, మంచి ఎర్తు ఉన్నపుడు, అవరోధము పదుల ఓములకు దిగును. 25 ఓములకు 2 ఆంపియర్లు పారును. ట్యూనరు లోపలి చుట్టలో అంతకు మించియు తిరుగవచ్చును. కావున స్విచ్చి వోల్టేజికి, కరెంటుకు రెండింటికి ఓర్వవలెను. పాత వాల్వు రేడియోలోని బ్యాండు స్విచ్చి వినుటకు చేసినది. దాని పలుచని పలకపై నిప్పురవ్వ ఒకసారి ప్రాకినచో మిగిలిన మసియే విద్యుత్తుకు బాట అగును. పింగాణీ పలక, వెడల్పైన కాంటాక్టులు గలది మేలు. పాత స్థానము విడువక ముందే క్రొత్తదానిని తాకు రకమును ఎన్నుకొనవలెను.

వాడని చుట్లను ఊరక వదలరాదు. అవి ట్రాన్స్‌ఫార్మరు వలె వోల్టేజిని పెంచి స్విచ్చిని కాల్చును. స్విచ్చి నడిమి కొనను చుట్ట చివరకు కలిపినచో మిగిలిన చుట్లు షార్టు అగును.

చుట్ట మాట సులభము. 2 అంగుళాల వ్యాసము, 3 అంగుళాల పొడవు, 25 చుట్లు: వీలర్ సూత్రము ప్రకారము 16 మైక్రోహెన్రీలు వచ్చును. 14 గేజి రాగితీగ చాలును. చుట్టుకు చుట్టుకు నడుమ సుమారు ఒక మిల్లీమీటరు ఎడము నిలుచును. పెట్టె గోడకు, చుట్టకు నడుమ కనీసము చుట్ట వ్యాసమంత దూరము ఉంచవలెను.

మంచి స్విచ్చి దొరకనిచో? చుట్టకు నేరుగా మొసలి క్లిప్పు తగిలించుడు. చూపునకు మోటు, కాని నాసిరకపు స్విచ్చి కంటె ఎంతయో నమ్మదగినది. లైసెన్సు పొందిన పిమ్మట, మొదట 5 వాట్లతో సరిచూచి, ప్రసారము ఆపి క్లిప్పు జరిపి, మరల చూడవలెను. ప్రసారము సాగుచుండగా స్విచ్చిని గాని క్లిప్పును గాని కదలింపరాదు.