పదవ తరగతి తరువాత: చంద్రపూర్‌లో పదకొండు, పన్నెండు తరగతుల చదువు

చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పదవ తరగతి ఫలితాలు వెలువడగానే ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలను ఇక్కడే పదకొండవ తరగతిలో చేర్చడమా, లేక కాజీపేట మీదుగా బండి ఎక్కించి హైదరాబాదులో ఇంటర్మీడియట్ చదివించడమా? అక్కడ మేనమామ ఇల్లు ఉంటుంది, హాస్టళ్లు ఉంటాయి, చుట్టూ తెలుగు మాట వినిపిస్తుంది. ఈ ఆలోచన సహజమే. అయితే ఇక్కడి రెండేళ్ల చదువు ఎలా ఉంటుందో, రాష్ట్రం మారితే ఏమి చేజారుతుందో ముందుగా తెలిసి ఉండాలి.

మహారాష్ట్రలో ఈ తరగతులను అకరావీ, బారావీ అంటారు. వీటిని బోధించే సంస్థ పేరు కనిష్ఠ మహావిద్యాలయం. తెలుగులో కనిష్ఠమనగానే 'అన్నిటికంటె తక్కువ' అనే అర్థం తోస్తుంది గనుక కొత్తగా వచ్చినవారు అనుమానపడవచ్చు. మరాఠీలో ఆ మాటకు జూనియర్ అనే అర్థం. కొన్ని ఉన్నత పాఠశాలలకు, కొన్ని డిగ్రీ కళాశాలలకు అనుబంధంగా నడుస్తాయి. పరీక్ష నిర్వహించేది పుణె ప్రధాన కేంద్రంగా గల రాష్ట్ర బోర్డు. చంద్రపూర్ జిల్లా దాని నాగపూర్ విభాగం కిందికి వస్తుంది.

ఇంటర్మీడియట్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా పరీక్షలోనే ఉంది. తెలుగు రాష్ట్రాలలో మొదటి సంవత్సరమే బోర్డు పరీక్ష రాయాలి, ఆ మార్కులు చివరి మొత్తంలో చేరుతాయి. ఇక్కడ పదకొండవ తరగతి పరీక్షను కళాశాలే పెడుతుంది. బోర్డు పరీక్ష పన్నెండులో మాత్రమే, 600 మార్కులకు. ఈ కారణంగా మొదటి ఏడాదిని తేలికగా తీసుకునే విద్యార్థులు చాలామందే ఉంటారు. ఫలితం మరుసటి ఏడాది కనిపిస్తుంది. ఎం.హెచ్.టి.-సి.ఇ.టి. ప్రశ్నలలో సుమారు 20 శాతం పదకొండవ తరగతి పాఠాల నుంచే వస్తాయి, నీట్, జె.ఇ.ఇ. పరీక్షలకైతే రెండేళ్ల పాఠాలూ కావాలి.

సైన్సు, కామర్సు, ఆర్ట్సు, వృత్తివిద్య అనే శాఖలలో ఒకటి ఎంచుకోవాలి. ఎం.పి.సి.నా, బై.పి.సి.నా అని పదవ తరగతి వయసులోనే తేల్చుకోవలసిన ఇబ్బంది ఇక్కడ లేదు. గణితం, జీవశాస్త్రం రెండూ తీసుకుని భౌతిక, రసాయన శాస్త్రాలతో కలిపి చదవవచ్చు. భారం ఎక్కువే, కానీ ఇంజనీరింగు, వైద్యం రెండు దారులూ తెరిచి ఉంటాయి. ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. రెండవ భాషగా మరాఠీ, హిందీ వంటివి ఉంటాయి. భాషకు బదులు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీని ఎంచుకునే వీలూ ఉంది. బోర్డు భాషల జాబితాలో తెలుగు కూడా ఉన్నది. చేరబోయే కళాశాలలో తెలుగు బోధించేవారు ఉన్నారా అన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి.

భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో ఒక్కొక్కదానికి 70 మార్కులు రాతపరీక్షకు, 30 ప్రయోగపరీక్షకు. ప్రయోగాలు చేసి, జర్నల్ రాసి, అధ్యాపకుని సంతకం పొందాలి. హాజరు 75 శాతం ఉండాలి. పేరు ఒకచోట, చదువు మరొక కోచింగ్ కేంద్రంలో అనే పద్ధతి ఈ నియమం దగ్గరే చిక్కులో పడుతుంది. బడిలో వలె ప్రతిరోజూ వెంటపడి చదివించేవారు ఉండరు. మరాఠీ మాధ్యమం నుంచి సైన్సులోకి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు మొదటి కొన్ని నెలలు బరువుగానే తోస్తాయి.

2025-26 నుంచి పదకొండవ తరగతి ప్రవేశాలు రాష్ట్రమంతటా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. దరఖాస్తులో పది కళాశాలల వరకు వరుసక్రమంలో కోరవచ్చు. మొదటి స్థానంలో రాసిన కళాశాలే దక్కితే అందులో చేరి తీరాలి. చేరకపోతే తరువాతి సాధారణ విడతలలో అవకాశం పోతుంది. జాబితాలో కనిపించే 'అనుదానిత' అంటే ప్రభుత్వ సహాయం పొందేది, 'వినాఅనుదానిత' అంటే పొందనిది, 'స్వయంఅర్థసహాయ్యిత' అంటే సొంత ఖర్చుతో నడిచేది. ఫీజులో పెద్ద తేడా ఈ మాటల వెనుకనే ఉంటుంది. పదిలో ఒకటి రెండు విషయాలు తప్పినవారికి కూడా ఎ.టి.కె.టి. పద్ధతిలో పదకొండులో చేరే వీలుంది.

ఇక రాష్ట్రం మారే సంగతి. వైద్యవిద్యలో మహారాష్ట్ర రాష్ట్ర కోటా సీటు కోరేవారు సాధారణంగా పది, పన్నెండు తరగతులు రెండూ ఈ రాష్ట్రంలోనే ఉత్తీర్ణులై, డొమిసైల్ పత్రం కలిగి ఉండాలి. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తెలంగాణ నియమం ప్రకారమైతే స్థానికులుగా లెక్కకు రావాలంటే పన్నెండవ తరగతి వరకు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి; 2024లో వచ్చిన ఈ నియమాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. చంద్రపూర్‌లో పది పూర్తిచేసి హైదరాబాదులో ఇంటర్ రెండేళ్లు చదివిన విద్యార్థికి ఇక్కడ పన్నెండు లేదు, అక్కడ నాలుగేళ్లు లేవు. ఇంటి భాష తెలుగైనా, పుట్టిన ఊరు మంచిర్యాలైనా లెక్క మారదు. ప్రభుత్వ కళాశాలల్లోని 15 శాతం అఖిలభారత సీట్లకు పోటీ పడవచ్చు గాని, 2015లో మొదలైన చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో రాష్ట్ర కోటా సీటు మాత్రం దూరమవుతుంది. లాతూర్, నాగపూర్ వెళ్లి చదివితే ఈ చిక్కు లేదు, అవి మహారాష్ట్రలోనివే.

రిజర్వేషన్ విషయంలోనూ ఇటువంటి హద్దు ఉంది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక షెడ్యూల్డ్ తెగ విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో రిజర్వు సీటు కోరగా, ఆ హక్కు సొంత రాష్ట్రానికే పరిమితమని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబాల సంగతి వేరు. వారి కులం మహారాష్ట్ర జాబితాలో ఉండి, షెడ్యూల్డ్ కులాలవారు 1950 ఆగస్టు 10కి, ఓ.బి.సి.లు 1967 అక్టోబరు 13కి ముందు నుంచి ఇక్కడ నివసించినట్లు ఆధారం చూపితే కులపత్రం కోరవచ్చు. తాతగారి పాత బడి దాఖలా అందుకు బాగా పనికివస్తుంది. వృత్తివిద్యా ప్రవేశాలకు కుల పరిశీలన కమిటీ ఇచ్చే 'జాత్ వైధతా' పత్రం కూడా కావాలి. దానికి సమయం పడుతుంది; పదకొండవ తరగతిలోనే కళాశాల ద్వారా దరఖాస్తు చేయడం మేలు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ఇక్కడి దరఖాస్తులలో ఇంటిపేరు, విద్యార్థి పేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు. తల్లి పేరుకు వేరే గడి ఉంటుంది. తెలుగువారి పత్రాలలో ఇంటిపేరు తరచు ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. పది మార్కుల పత్రంలో, ఆధార్‌లో, బడి వదిలిన దాఖలాలో పేరు ఒకే తీరున ఉన్నదో లేదో జూన్ రాకముందే సరిచూసుకుని, తేడా ఉంటే పాత బడి కార్యాలయంలోనే దిద్దించుకోవాలి.