గంట ఎవరు కొట్టినా

అమెరికా పడమటి రాష్ట్రాల పాత బంగారు, వెండి గనుల్లో నిలువు బావిలోకి తొట్టిలో మనుషుల్ని దింపడానికీ, రాతిని పైకి లాగడానికీ ఒక ఇంజన్ ఉండేది. దాన్ని నడిపే మనిషి నేల మీద కూర్చుంటాడు. వందల అడుగుల కింద ఏం జరుగుతోందో అతనికి కనపడదు. కింద ఎవరో తాడు లాగితే పైన గంట మోగుతుంది. తొట్టి ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే పైకి లాగాలి, రెండు కొడితే కిందికి దింపాలి. మూడు మోగితే ఎక్కేది మనుషులు కాబట్టి నెమ్మదిగా నడపాలి. తొట్టి కదులుతుండగా ఒక్క గంట వినిపిస్తే ఉన్నపళంగా ఆపెయ్యాలి. తాడు లాగింది ముసలి మేస్త్రీయో నిన్నగాక మొన్న పనిలో చేరిన కుర్రాడో ఇంజన్ దగ్గరి మనిషికి తెలీదు. కారణం అడిగే వీలూ లేదు. ముందు ఆపాలి, తర్వాత కనుక్కోవాలి. సింగరేణి ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇలాంటి సంగతులు కొత్త కాకపోవచ్చు. నేను గుంటూరు దాన్ని, నాకు మాత్రం కొలరాడో కొండల్లో తిరిగిన వేసవిలోనే తెలిశాయి.

వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం పిల్లలకు మాట్లాడటం నేర్పిస్తున్నాం. వేదికెక్కడం, నలుగురినీ నడిపించడం, ధైర్యంగా కళ్లలోకి చూడటం నేర్పిస్తున్నాం. అవన్నీ కావలసినవే. కానీ ఒక మనిషి ఎంత ఎదిగాడో చూడాలంటే, తన చేతిలో పగ్గాలున్నప్పుడు తనకంటే చిన్నవాళ్లు ‘ఆపు’ అంటే ఎంత త్వరగా ఆపుతాడో చూడాలని నేను నమ్ముతాను. మన ఇళ్లలో ఈ విద్య బాగా తక్కువ. బండి నడిపేవాళ్లకీ జీవితం నడిపేవాళ్లకీ వయసే అర్హత అనుకుంటాం, పక్కన కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తోందో అడగం.

మా తమ్ముడి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. టెక్సస్ ఎండలు తట్టుకోలేక అక్కడి తెలుగువాళ్లు జూలైలో కొలరాడోకు బయల్దేరడం మామూలే. మేము వెళ్లింది ఆ రాష్ట్రపు నైరుతి మూల ఉన్న శాన్ హువాన్ పర్వతాలకు. యూరే, సిల్వర్టన్, లేక్ సిటీ అనే మూడు చిన్న ఊళ్లను కలుపుతూ సుమారు 65 మైళ్ల మట్టిదారి ఉంటుంది, ఆల్పైన్ లూప్ అంటారు. దాని మీద 12,800 అడుగుల ఇంజనీర్ పాస్, 12,640 అడుగుల సినమన్ పాస్ అనే రెండు కనుమలున్నాయి. మామూలు కారు పనికిరాదు. యూరేలో జీపులు అద్దెకిస్తారు.

ఈ దారులు విహారానికి వేసినవి కావు. ఒకప్పుడు యూట్ తెగవాళ్ల నేల ఇది. 1873 ఒప్పందంతో ఈ కొండలు వాళ్ల చేయి జారాయి, 1881లో అక్కడి యూట్లను యూటాకు తరిమేశారు. యూరే అన్నది వాళ్ల నాయకుడి పేరు. తర్వాత గనుల కోసం జనం ఎగబడ్డారు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, పిల్లవాడిగా అమెరికా చేరిన ఒట్టో మియర్స్ ఈ కొండల్లో వందల మైళ్ల టోల్ రోడ్లు వేయించాడు. ఇప్పుడు యూరే నుంచి సిల్వర్టన్‌కు వెళ్లే మిలియన్ డాలర్ హైవేకు పునాది ఆయన వేసిన దారే. చాలాచోట్ల దానికి ఈనాటికీ పక్క కమ్మీలు లేవు. తారు రోడ్డే అలా ఉంటే ఇక మట్టిదారి సంగతి చెప్పక్కర్లేదు.

యూరే వైపు నుంచి ఇంజనీర్ పాస్ ఎక్కేటప్పుడు మొదటి మైళ్లే కష్టం. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మెట్లలా పొడుచుకొచ్చిన బండలు. మా తమ్ముడు మంచి డ్రైవర్, జాగ్రత్త గల మనిషి. ఒకచోట పెద్ద రాతిమెట్టు అడ్డొచ్చింది. బానెట్ ఆకాశం వైపు లేచిపోవడంతో ముందు చక్రాలు ఎక్కడ పడుతున్నాయో అతనికి కనిపించలేదు. ఇలాంటి చోట ఒకరు దిగి, బండికి కాస్త ముందుగా, డ్రైవర్‌కు కనిపించేలా నిలబడి చేతులతో దారి చూపాలి. జీపు అద్దెకిచ్చిన పెద్దాయన పొద్దున మాకు చెప్పిన నియమాలు రెండే. దారి చూపేది ఒక్కరే అయ్యుండాలి. డ్రైవర్ ఆ ఒక్కరినే చూడాలి.

మొదటి నియమం తెలుగు కుటుంబానికి ఎంత కష్టమో మీకు తెలుసు. బండి వెనక్కి తీస్తుంటే వీధిలో నలుగురు నాలుగు వైపుల నుంచి ‘రా, రా, ఇంకా రా’ అని అరిచే దేశం మనది. ఆ రోజు దిగింది మా పధ్నాలుగేళ్ల మేనకోడలు. మేమంతా నోళ్లు మూసుకున్నాం. ఆ పిల్ల అరచేతులు చూపిస్తూ తండ్రిని అంగుళం అంగుళం ముందుకు రప్పించింది. సగంలో రెండు పిడికిళ్లూ బిగించి పైకెత్తింది. ఆగమని.

“ఏమీ లేదు తల్లీ, వచ్చేస్తుంది,” అన్నాడు తమ్ముడు కిటికీలోంచి.

పిడికిళ్లు దిగలేదు. “వద్దు నాన్నా. వెనక చక్రం అంచు మీద ఉంది.”

అతని కాలు బ్రేకు మీదే ఉంది. మొహంలో మాత్రం రెండు మూడు రంగులు మారాయి. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న తండ్రికి, ఇంకా స్టీరింగ్ పట్టని కూతురు చెబుతోంది. చివరికి వెనక్కి జరిపి, ఆమె చూపిన కోణంలో చక్రం తిప్పి ఎక్కించాడు. బండి మెట్టు దాటాక మేనకోడలు పరుగున వచ్చి ఎక్కింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పొగడలేదు. ఆ తర్వాత ఎప్పుడు సందేహం వచ్చినా తమ్ముడే అద్దంలోంచి చూసి, “అమ్మలూ, దిగుతావా?” అనడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నడకే మారిపోయింది. నాయకత్వ శిక్షణ శిబిరాలకు వేలు పోస్తున్న తల్లిదండ్రులు ఇలాంటి ఒక్క ప్రశ్న ఇంట్లో అడిగి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. నిజమైన పని, నిజమైన ప్రమాదం, నిజంగా తన మాటకు ఆగే పెద్దవాళ్లు ఉన్నచోట ఆత్మవిశ్వాసం ఎవరూ నూరిపోయకుండానే వస్తుంది.

అలాగని పిల్లలు ఏది చెబితే అదే చెల్లాలని నా ఉద్దేశం కాదు. మాట చెల్లాల్సింది కనిపించే చోట నిలబడిన మనిషిది. పాత గనుల దగ్గర ఈ తేడా బాగా తెలిసింది.

సిల్వర్టన్ నుంచి యానిమస్ నదిని పట్టుకుని పైకి వెళితే 11,200 అడుగుల ఎత్తున యానిమస్ ఫోర్క్స్ అనే ఖాళీ ఊరు ఉంటుంది. 1870లలో మొదలై, 1883 నాటికి దాదాపు 450 మంది ఉండేవారు. 1884లో 23 రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన మంచుకు, జనం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సొరంగాలు తవ్వుకుని తిరిగారు. 1893లో ప్రభుత్వం వెండి కొనుగోళ్ల చట్టం రద్దు చేయడంతో వెండి ధర కుప్పకూలి ఈ ప్రాంతమంతా దెబ్బతింది. 1920లు వచ్చేసరికి ఊరు ఖాళీ. చెక్క ఇళ్లు కొన్ని నిలిచి ఉన్నాయి, లోపలికి వెళ్లి చూడొచ్చు. చుట్టుపక్కల కొండల్లో గని నోళ్లు నల్లగా కనిపిస్తుంటాయి. వాటిలోకి మాత్రం వెళ్లకూడదు.

మా మేనల్లుడికి పదేళ్లు. “ఒక్కసారి తొంగి చూసి వచ్చేస్తా అత్తా,” అని నా చెయ్యి గుంజాడు. వాడికి కారణాలన్నీ చెప్పాను, ఎందుకంటే ఒట్టి ‘వద్దు’ అన్నమాట పిల్లల్లో మొండితనాన్నే పెంచుతుంది. కుళ్లిన చెక్కల కింద నిలువు గొయ్యి దాగి ఉండొచ్చు. అన్నిటికన్నా భయంకరమైంది గాలి. గాలి ఆడని గనిలో ఆక్సిజన్ తగ్గిపోయి ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, ఊపిరాడటం లేదన్న భావన కూడా రాకముందే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. అంటే ఒళ్లు సైతం గంట కొట్టదు. అలాంటి చోట మన ధైర్యం, తెలివి, అనుభవం ఎందుకూ కొరగావు. ముందే తెలిసినవాళ్లు రాసిపెట్టిన హెచ్చరిక బోర్డే మనకు కళ్లు. వాడు కాసేపు ఆలోచించి, “మరి లోపల ఏముందో ఎవరికీ తెలీదా?” అన్నాడు.

మంచి ప్రశ్న. అక్కడికి దగ్గర్లోనే గోల్డ్ కింగ్ అనే మూతబడిన గని ఉంది. గంధకం కలిసిన ఇనుప ఖనిజానికి నీరూ గాలీ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ నీరు రాతిలోని లోహాల్ని కరిగించుకుని గనిలో నిలిచిపోతుంది. 2015 ఆగస్టు 5న ఆ గని నోటి దగ్గర అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తరఫున పని జరుగుతోంది. లోపల నీరు ఎంత ఒత్తిడితో ఉందో సరిగా అంచనా వేయలేదు. గని నోటిని పూడ్చిన మట్టికట్ట తెగి దాదాపు 30 లక్షల గ్యాలన్ల నీరు బయటికి దూకింది, యానిమస్ నది నారింజ రంగులోకి మారి పారింది. వదిలేసిన గనిలో తాడు లాగేవాడు ఉండడు కాబట్టి, బయట ఉన్నవాళ్లు మరింత వినయంగా, కొలిచి చూసుకుని మరీ అడుగేయాలి. పదేళ్ల పిల్లవాడికి వినయమంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

లోపల చూడాలన్న వాడి కోరిక ఓల్డ్ హండ్రెడ్ గనిలో తీరింది. సందర్శకుల కోసం భద్రంగా ఉంచిన గని అది, చిన్న రైల్లో కొండ కడుపులోకి తీసుకెళతారు. పాత రాతిపని ఎలా సాగేదో అక్కడ మాట్లాడుకున్నాం. యంత్రాలు రాకముందు ఇద్దరు కలిసి రాతికి తూటు పెట్టేవారు. ఒకడు ఉక్కు ఉలిని పట్టుకుంటాడు, రెండోవాడు ఎనిమిది పౌండ్ల సుత్తితో కొడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉలిని కాస్త తిప్పాలి, కొవ్వొత్తి వెలుగులో. సుత్తి పట్టినవాడి బలం అందరికీ కనిపిస్తుంది. ఉలి పట్టినవాడి నిబ్బరం ఎవరికి కనిపిస్తుంది? ఏ ఇంట్లోనైనా ఉలి పట్టే మనిషి ఒకరుంటారు.

యూరే పైన ఉన్న క్యాంప్ బర్డ్ గని గురించి గుంటూరు మనిషిగా నేను చెప్పకుండా ఉండలేను. వెండి తవ్వేవాళ్లు పట్టించుకోకుండా వదిలేసిన రాతిని 1896లో థామస్ వాల్ష్ పరీక్ష చేయించి బంగారం ఉందని కనుక్కున్నాడు. పదేళ్ల కూతురు ఎవలిన్‌కు ఆ రహస్యం చెప్పాడని ఆమె తర్వాత రాసుకుంది. 1902లో గనిని యాభై లక్షల డాలర్ల పైచిలుకుకు అమ్మాడు. ఆ సంపదలో పెరిగిన ఎవలిన్ 1911లో హోప్ వజ్రాన్ని కొన్నది. ఆ 45.52 క్యారట్ల నీలి వజ్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. దాని పుట్టిల్లు మా కృష్ణ ఒడ్డున కొల్లూరు గని అని చరిత్రకారుల నమ్మకం. పదిహేడో శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. మట్టి మోసిన ఆ ఆడవాళ్లలో, పిల్లల్లో ఒక్కరి పేరూ నేనెక్కడా చదవలేదు. గని అంచు జారుతోందని వాళ్లలో ఎవరైనా అరిస్తే పైన ఎవరైనా ఆగి ఉంటారా? ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

గంట విని ఆగడం ఒక విద్య అయితే, గంట కొట్టడం ఇంకో విద్య. మన ఆడవాళ్లకు అది మరీ కష్టం. ఇంజనీర్ పాస్ శిఖరానికి చేరిన రోజే మా మరదలికి తలనొప్పి మొదలైంది. అంత ఎత్తులో గాలి పలచన. తలనొప్పీ వికారమూ వస్తే అన్నిటికన్నా మంచి మందు కిందికి దిగడం. ఆమె మామూలుగా అయితే చెప్పే మనిషి కాదు. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నప్పుడు తన ఒంట్లో బాగాలేదని చెప్పి పాడు చేయకూడదని పెరిగిన తరం మాది. తమ్ముడు సినమన్ పాస్ కూడా అదే రోజు ఎక్కేద్దామని ఉత్సాహంగా మ్యాపు విప్పాడు. మధ్యాహ్నం దాటితే ఆ కొండల మీద మెరుపులూ ఉరుములూ వస్తాయి, కాబట్టి వెంటనే బయల్దేరాలన్నాడు.

“నాకు తల పగిలిపోతోందండీ. దిగిపోదాం,” అంది ఆమె. సంజాయిషీ లేదు, ‘మీకు ఇబ్బంది లేకపోతే’ లేదు.

తమ్ముడు మ్యాపు మడిచేశాడు. గేరు బాగా తగ్గించి, ఇంజన్ పట్టు మీదే బండిని నెమ్మదిగా దించుతూ నది వెంట సిల్వర్టన్ చేరాడు. అక్కడికి వచ్చేసరికి ఆమె మొహం తేటపడింది. వేడిగా సూపు తాగి, సాయంత్రం పిల్లలతో వీధులు తిరిగింది. సినమన్ పాస్ మాత్రం మిగిలిపోయింది. వచ్చే జూలైకి జీపు మరదలే బుక్ చేసింది. ఈసారి కొండెక్కే ముందు కింద ఊళ్లో రెండు రాత్రులు ఉండి ఒంటికి అలవాటు చేసుకోవాలని నిర్ణయించింది కూడా ఆమే.